నూట ఇరవై

గ్రిమ్స్‌బీలో వాన నిలువుగా పడదు, పక్కకి కొడుతుంది.
సోమవారం ఆ వానతో, చేపల వాసనతో పాటు
ఇంకో వాసన తలుపు తోసుకుని వచ్చింది.
ముక్కు ముందు పట్టింది, కళ్లు తర్వాత:
మాడిన బోర్డు. కాస్త ఉల్లిపాయ, కాస్త తారు, కాస్త భయం.

క్లైవ్ బ్లాంచర్డ్. ట్రాలర్ల మీద వలలు లాగిన చేతులు.
ఆ చేతుల్లో దుప్పటి చుట్టిన కుట్టుమిషను.
"నా కొత్త పెళ్లాందండీ" అన్నాడు.
"ఒహాయో నుంచి ఓడలో వచ్చింది. అంటే మిషను.
ఆవిడ గురువారం, విమానంలో."

ఆవిడ దిగేసరికి సిద్ధంగా ఉంచుదామని
పౌండు కొట్లో అడాప్టర్ కొన్నాడట.
రెండు పళ్ల ప్లగ్గు మూడు పళ్ల గోడలో దిగింది కదా,
ఇంకేం అనుకున్నాడట.
ఆ ప్లాస్టిక్ ముక్క పలువరసే మారుస్తుంది,
నోట్లో పోసేదాన్ని మార్చదు.
పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా, క్లైవ్?
నూట ఇరవై తాగేదానికి రెండు వందల నలభై పోశావు.

"ఠప్ మంది" అన్నాడు. "ఒక్కసారే."

మరలు ఆరు విప్పాను. ఏడోది లేబుల్ కింద దాక్కుంది,
ఎప్పుడూ ఒకటి దాక్కుంటుంది.
లోపల ఒహాయో నూలుధూళి,
చక్రానికి చుట్టుకున్న ఎర్రదారం పోగు.
ఫ్యూజు గాజు లోపల నల్లటి అద్దం పూత:
మెల్లగా పోలేదు, ఒక్కదెబ్బకి పోయింది.
పక్కన నీలం బిళ్ల, వారిస్టర్,
ఎక్కువైతే ముందు నా మీద పడనీ అని నిలబడేది,
సగం పగిలి సగం మసి.
దండం పెట్టే అలవాటు నాకు లేదు. పీకేశాను.
కెపాసిటర్ నెత్తి బూరెలా పొంగింది.

మీటరు ముళ్లతో తడుముకుంటూ పోయాను.
స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్ మూడు కాళ్ల మధ్యా కీచుమని ఒకటే కూత.
దాని వెనక చిన్న చిప్పు, బతికుందో లేదో పైకి చెప్పదు.
పూల కుట్లన్నీ దాచుకున్న పెద్ద చిప్పు
ట్రాన్స్‌ఫార్మర్ కాలవకి అవతలి గట్టున.
మంట కాలవ దాటిందా?
మంగళవారమంతా ఆ ఒక్క ప్రశ్నతోనే గడిచింది.

రాగిదారి ఒకటి బోర్డు మీంచి లేచి ఆవిరైపోయింది.
అక్కడి బొగ్గుని కత్తిమొనతో గీకాను.
బొగ్గు కూడా కరెంటుని మోస్తుంది, నమ్మరాదు.
స్పిరిట్‌తో కడిగి, తీగముక్కతో వంతెన వేసి,
చచ్చినవాటి చోట కొత్తవి నిలబెట్టాను.

బుధవారం సాయంత్రం
నూట ఇరవైకి దించిన కరెంటుకి అడ్డంగా
ఒక పాత బల్బుని కూచోబెట్టాను.
అది నిండుగా వెలిగిందంటే లోపల ఇంకా షార్టు.
నా బల్ల మీద వెలుగంటే చెడ్డ కబురే.
క్లైవ్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.
స్విచ్చి.
బల్బు గబుక్కున ఎర్రబడింది,
అర సెకను,
తగ్గింది, ఇంకా తగ్గింది,
తీగ మాత్రం నిప్పుపోగులా మిగిలి
అదీ ఆరింది.
దీపం ఆరినందుకు అంత సంతోషించిన మనిషిని నేను చూళ్లేదు.

మిషను తెర మీద పచ్చటి ఒకటి.
సూది కింద ఆవిడ ప్రయాణానికని మడిచి పెట్టిన గుడ్డముక్క.
దాని మీద కుట్టి చూద్దామంటే
"వద్దు వద్దు, తెలిసిపోతుంది" అన్నాడు.
నా చేతిగుడ్డ మీద కుట్టాం. ఆకు, ఆకు, పువ్వు, ఆకు.
పువ్వు కాస్త వంకర. ముందునుంచీ అంతేనేమో.

అప్పుడు కౌంటర్ కింద నుంచి తీసి పెట్టాను,
ఇటుకంత ట్రాన్స్‌ఫార్మర్.
బాగుచేశాను గానీ దాని దాహం మార్చలేదు, క్లైవ్.
దానికి ఇప్పటికీ నూట ఇరవయ్యే.
నీ గోడ ఇప్పటికీ రెండు వందల నలభయ్యే.
మధ్యలో ఇది ఉండాలి, రోజూ,
గుర్రుమంటూ, ఆవిడ కాళ్ల దగ్గర.

"ఇదెందుకని అడుగుతుందే!"

అడుగుతుంది.

కిటికీలోంచి చూశాను. బస్‌స్టాపులో
మిషను బెంచీ మీద, ఇటుక ఒళ్లో.
పెదాలు కదులుతున్నాయి.
"డార్లీన్, ఒక మాట" అంటాడు, ఆగుతాడు,
తల అడ్డంగా ఊపి
మళ్లీ మొదటినుంచి.