రెండు చుక్కలు

చీమకుర్తి రాయికి చుక్కలు పుట్టుకతోనే వస్తాయి.
నల్లటి ఒంటినిండా బంగారు నలుసులు.
మేం నూరి నూరి వాటిని నిద్ర లేపుతాం, అంతే.
వంటింటి గట్లకి పోతుంది, బ్యాంకు మెట్లకి పోతుంది,
ఎక్కువగా సమాధులకి.
జర్మనీవాళ్ళు చచ్చినా నునుపు తగ్గనివ్వరని
మా ఫ్యాక్టరీలో ఒక జోకు.

ఆ ఆర్డరు మాత్రం సమాధి కాదు.
ఆరడుగుల పలక, నలభై ఒక్క పేర్లు,
కింద ఒక్క ఎముకా ఉండదంట.
నాకా భాష రాదు.
స్టెన్సిల్ అంటించి ఇసక ఊదుతాను,
మూలలు ఉలితో సరిచేస్తాను.
అక్షరమంటే నాకు లోతు.
అయినా అంకెలు ఎవరికైనా అంకెలే.
పుట్టిన ఏడు తలా ఒకటి,
పోయిన ఏడు అందరికీ ఒక్కటే.
తుఫానా? అన్నాడు పాలిషింగ్ దగ్గిర బైధర్.
వాడిది ఒరిస్సా, నాది ఈ కోస్తా,
ఊరంతా ఒకే ఏట పోవడమంటే
ఇంకేం తోస్తుంది మాకు.

ఫొటోలు పంపితే మర్నాడే జవాబు:
ఇరవై మూడో వరస, హెడీ గ్ర్యూన్‌హుట్,
‘యు’ అక్షరం మీద రెండు చుక్కలు లేవు.

నిజమే. ఆవగింజంత ముక్కలు,
స్టెన్సిల్లోంచి గిల్లడం మరిచాను.
రాయంతా చుక్కలే గదయ్యా,
ఇంకో రెంటికి ఏడుపేంది? అన్నాడు మేస్త్రి.
చూస్తే సరిగ్గా ఆ అక్షరం నెత్తిన
ఒక బంగారు నలుసు ఉండనే ఉంది.

ఆమె ఫోన్లో కనబడింది. పేరు ఊటా,
పంతులమ్మగా చేసి దిగిపోయిందంట.
వెనక ఫైళ్ళు, కిటికీలో మంచు.
ఆఫీసు పిల్ల హిమజ తెలుగు చేసి చెప్పింది:
హెడీకి నాలుగేళ్ళు.
ఫొటో లేదు. గౌను లేదు. ఇల్లిప్పుడు చెప్పుల కొట్టు.
పేరొకటి మిగిలింది,
అందులోంచి కూడా తీసేస్తే ఎట్టా?

ఇంటిపేరుకి పచ్చటోపీ అని అర్థమంట.
పెదాలు సున్నా చుట్టి లోపల ‘ఈ’ అనాలి.
నలుగురం ఫోను ముందు ఊదాం,
పొయ్యి రాజేస్తున్నట్టు.
మేం నవ్వాం, ఆమే నవ్వింది.

ఈ పేర్లన్నీ మీకెట్టా దొరికినయ్? అన్నాను.
రైలెక్కించినవాళ్ళ జాబితాలో.
ఇంటి నెంబరు, వయసు, మూటల లెక్క, అన్నీ.
అందులో చుక్కలు?
ఆమె కాసేపు మాట్లాడలేదు.
రెండూ ఉన్నాయి, అంది. ఒక్క తప్పు లేదు.
మా నాన్న ఆ ఆఫీసులో గుమాస్తా.
మంచి దస్తూరి.
ఈ చివరి మాట తెలుగు చెయ్యడానికి
హిమజకి చాలాసేపు పట్టింది.

మా నాన్న సింగరకొండ.
క్వారీలో బండ జారి పోయాడు.
మస్టర్లో సిగరకొండ అని ఉంది, సున్నా లేదు.
పనికొచ్చినవాడు వేరు, పోయినవాడు వేరన్నారు ఒంగోల్లో.
ఆ సున్నా కోసం అమ్మ పద్నాలుగుసార్లు బస్సెక్కింది,
పదిహేనోసారి ఛార్జీలు దండగంది.
అప్పట్నించీ నాదొకటే నమ్మకం,
సరిగ్గా రాస్తే మనిషి దక్కుతాడని.

రాత్రి షిఫ్టులో అందరూ టీకి పోయాక
చిన్న ఉలి తీశాను.
మొదటి చుక్క కింద బంగారు నలుసు
పొడై వేలికంటింది.
రెండోదానికి చెయ్యి వణికింది. ఊపిరి బిగబట్టి కొట్టాను.

కృష్ణపట్నం ట్రైలర్ వెళ్ళిపోయిన సాయంత్రం
రామతీర్థం దారిలో పాత గుంట దగ్గిర బండి ఆపాను.
నాన్న తర్వాత అక్కడ తవ్వలేదు.
వాననీళ్ళు నిలిచి పాచి పట్టి
అడుగెంతో తెలీనంత పచ్చన.
పెదాలు సున్నా చుట్టి పిలిచాను, గ్ర్యూన్.
అవతలి రాతిగోడ
చుక్కలు రాల్చేసి తిప్పి పంపింది, గ్రూన్.
మళ్ళీ అన్నాను.