నాది కాని నెత్తి

ప్యాషన్ ప్లస్సు అమ్మి ఐదేండ్లాయె.
మూసారాంబాగ్ మెట్రో పిల్లరు కింద
పద్దెనిమిది వేలు రెండుసార్లు లెక్కబెట్టుకొని
ఆర్సీ చేతుల పెట్టిన.
"పేరు వచ్చే నెల మార్పిచ్చుకుంటనే అన్నా" అన్నడు బాలనర్సు.
గోర్ల సందుల తెల్ల సున్నం, పెయింటర్ పని.
ఆ వచ్చే నెల ఇంకా రాలేదు.

చలానాలు మాత్రం వచ్చినయ్.

మొదటిది చాదర్‌ఘాట్, పొద్దున ఎనిమిదీ నలభై.
హెల్మెట్ లేదు. వంద, దాని మీద ముప్పై ఐదు.
నా ఫోన్ల నా పేరు, నా నాయిన పేరు,
నాది కాని నెత్తి.
రాష్ట్రం మారింది గాని
ప్లేటు మీద ఏపీ అట్లనే ఉంది.
ఫోన్ చేసి బూతులు తిట్టిన.
"కడ్తనన్నా, శనివారం పైసలొస్తయ్."
తర్వాత ఆ నెంబరు మోగుడే బంద్.

అలీ కేఫ్ చౌరస్తా, సిగ్నల్ జంపు:
వెనక కట్టిన నిచ్చెన,
దాని కొన ఫోటో దాటి బయటికి పోయింది.
బోయిన్‌పల్లి, రాంగ్ రూటు:
హ్యాండిల్‌కు చెరో దిక్కు రంగు డబ్బాలు.
నారాయణగూడల వెనక సీటు మీద ఒకామె,
ఎవరో, ఎక్స్‌రే కవర్ లాంటిది ఒళ్ళె పెట్టుకొని
అతని వీపుకు చెంప ఆనించింది.
తిడుదామని పైకి జరిపిన వేలు
ఆడనే ఆగింది.

నిలోఫర్ దవాఖాన ముందు, నో పార్కింగ్.
రాత్రి రెండున్నర. మనుషులెవరూ లేరు.
బండొక్కటే, అద్దానికి తగిలించిన టిఫిన్ డబ్బా.

నాలుగు నెలలకు ఉప్పల్, ట్రిపుల్ రైడింగ్, పన్నెండు వందలు.
నాకు ఇద్దరే కనబడ్డరు.
రెండేళ్లతో లాగి పెద్దగ జేసి చూస్తే
ఇద్దరి నడుమ గుడ్డల మూట,
దాంట్లకెళ్లి బయటికొచ్చిన బుడ్డ పిడికిలి.
ఆ మూడో మనిషిని
లెక్కల పట్టింది కెమెరా పట్టుకున్న హోంగార్డు.

"పిల్లగాల్ల మీద జాలిపడుకుంట కూసో.
రేపెవన్నన్న గుద్దితే కోర్టుకు పోయేది నువ్వే"
అంటది మా ఇంటామె. నిజమే అంటది.
ఫారాలు తెచ్చిన. నింపి బీరువల పెట్టిన.

మొన్న బుధవారం స్టేషన్ నుంచి ఫోన్.
"నాల్గు ఏడు ఒకటి ఆరు, బండి నీదేనా?
ఇరవై తొమ్మిది పెండింగున్నయ్.
సైడుకు తీయమంటే తాళం చెవి మా కానిస్టేబుల్ చేతుల పెట్టి
పిల్లను సంకనేసుకొని నడుసుకుంట పోయిండు."

బస్సెక్కి పోయిన.
షెడ్డు కింద వరుసలు వరుసలుగ బండ్లు,
దుమ్ము పట్టి ఒకదాని మీదొకటి ఒరిగి.
ఎస్సై సైడు డబ్బా తెరిపిచ్చిండు.
గంజాయి కోసమో ఇంకేం కోసమో,
చెక్ చేసుడు వాళ్ల డ్యూటీ.
వెంట్రుకలు రాలిన బ్రష్షు. ఉప్పు కాయితం.
గుడిమల్కాపూర్ల ఏదో ఇంటి కొలతలు రాసిన సిగరెట్ డబ్బ.
ఒంటి మేజోడు, నా బొటనవేలంత.
పాలిథీన్ కవర్ల మడతపెట్టి, నా ఆర్సీ జిరాక్సు.

"ఏందయ్యా, పెయింటరువా నువ్వు?"
నా చేతులు చూసిండు. జిరాక్సు సెంటర్ చేతులు.
అమ్మిన్నని చెప్పొచ్చు.
చెప్పాలె గూడ.
"నాదే సార్" అన్న.

ఇరవై తొమ్మిదింటికీ కట్టిన.
పద్దెనిమిది వేలల్ల ఎన్ని మిగిలినయో
ఇంట్ల అడగలే, నేను చెప్పలే.

రెండో కిక్కుకే స్టార్టయింది.
బస్సుల వచ్చినోనికి హెల్మెటెక్కడిది.
చాదర్‌ఘాట్ బ్రిడ్జి దిగంగ
గొడుగు నీడల ఒకాయన కెమెరా ఎత్తిండు.

రాత్రి అన్నం తింటుంటే మెసేజు.
ఈసారి పేరూ నెత్తీ ఒక్కనివే.
అయినా రెండేళ్లతో లాగి పెద్దగ జేసి చూసిన.
వెనక సీటుకు నిచ్చెన కట్టే నైలాన్ తాడు,
ముడి విప్పకుంట వదిలేసింది,
గాలికి లేచి ఉంది.