కుంగు లెక్క

సోహార్ దాటాక నలభై ఒకటో టవర్ దగ్గర
నీళ్ల ట్యాంకర్ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ
నడ్పి లింగన్న అడిగాడు:
"బిర్రుగ గుంజొచ్చు గద సారూ,
గీ కుంగు ఎందుకు ఇడుస్తున్నరు?"

రెండు కొసలూ బిగించేశారు లింగన్నా.
పొడవు డిపోలోనే కోసి పంపారు.
ఆ రెండూ పోగా మిగిలింది తీగ ఇష్టం.
లెక్కలేనన్ని వంపులు దానికి.
అన్నిట్లోకీ బరువు బాగా కిందికి దిగేదాన్నే
ఎవరూ చెప్పకుండా పట్టుకుంటుంది.

అదేనని ఎట్లా తెలుస్తుంది?
వెంట్రుకవాసి కదిపి చూడు.
ఆ తొలి కదలికకు లాభమూ లేక నష్టమూ లేక
లెక్క కిమ్మనకుండా ఉంటే, అదే.
కాని పొడవు చెదరకుండా కదపాలి. మెలికంతా అక్కడ.
అందుకే షరతుకే ఓ ధర కట్టి లెక్కలోకి లాగుతాం.
ఇంకో జానెడు తీగ దొరికితే ఎంత కలిసొస్తుందో
అంత ధర.

హన్మకొండలో పదకొండేళ్లు
సుద్దముక్కతో నేను రాసిన లాంబ్డా
ఇక్కడ పొట్టిగా, హెల్మెట్ లోపల, స్కెచ్ పెన్నుతో.
"ఇది ఆవశ్యకం, పర్యాప్తం కాదు" అని
పిల్లల చేత రెండుసార్లు అనిపించేవాణ్ణి.
ఎందుకో ఇవాళ నాకే వినిపించింది.

తీగ నేలకు ఎనిమిది మీటర్లకన్నా దిగకూడదని ఇంకో గీత.
జనవరిలో ఆ గీత ఉన్నట్టే తెలియదు.
తగలని గోడకు ధర సున్నా.
ఆగస్టు మధ్యాహ్నం, కార్డు మీద నలభై తొమ్మిది,
తీగ సాగి సాగి గీతను ముట్టాక
ప్రతి అంగుళానికీ వెల.

లింగన్న సిగరెట్టు ఆర్పి, పీకను జేబులో వేసుకున్నాడు.
"నా పాస్‌పోట్ ఆఫీస్ బీరువల ఉన్నది.
రెండేండ్లు యాదికే రాలే.
మొన్న తమ్ముని ఫోనొచ్చిన రాత్రి..."
అవతలి టవర్ కింద సాలిం జెండా ఊపాడు.
వించ్ మొదలైంది.
నేను ఉష్ణోగ్రత రాసుకున్నాను.

శుక్రవారం క్యాంపు నుంచి సముద్రానికి నడిచాడు లింగన్న.
వెనక నేను, చెప్పులు చేతపట్టుకుని.
ఒడ్డు మీద ఫలానా చోటే చేరాలని
ఎవరూ మేకు కొట్టలేదు.
కొసను అట్లా వదిలేసినప్పుడు
దగ్గరి దారి ఒడ్డును అడ్డంగా కోసి తాకాలని పుస్తకం మాట.

వంగి చూశాను.
తడి ఇసుకలో అతని అడుగులు,
అలల గీత మీద
మూలమట్టం పెట్టి వేసినట్టు.