సగం మాత్ర

డులూత్‌లో ఆ అక్టోబరు. చేతిలో పేర్ల జాబితా,
తడిసిన బూట్లు, నాకు పంతొమ్మిదేళ్లు.
హాల్వర్సన్ గారి వంటింట్లో చూశాను:
ఉల్లిపాయల కత్తితో బీపీ మాత్రను
రెండు ముక్కలు చేసి,
రాలిన పొడిని వేలితో అద్ది నాలిక్కి రాసుకుంది.
"మేం గెలిస్తే ఈ కత్తికి ఇక ఉల్లిపాయలే" అన్నాను.
నవ్వి, నా బూట్లు హీటరు మీద ఆరబెట్టింది.

గెలిచాం.

బిల్లు కమిటీలోకి వెళ్లింది.
ఎవరి కత్తో గాని, సగమై బయటికొచ్చింది.
ఆ సగం కూడా వచ్చే ఏడాది నుంచట.

నిన్న పార్టీ ఆఫీసు నుంచి ఫోను:
మళ్లీ తలుపులు తట్టాలట.
ఏరు దాటాక తగలేసిన తెప్పనే
మళ్లీ అరువడుగుతున్నారు.

నాకు ఓటుంది. వేస్తానేమో కూడా.
ఆ వీధిలోకి మాత్రం వెళ్లలేను.
ఆవిడ తలుపు తీస్తుంది,
బూట్లు తడిశాయా అని అడుగుతుంది.