హాజరు పట్టీ

పందొమ్మిదేళ్లుగా జూన్ మొదటి సోమవారం
నా పని చార్టులు అంటించడం.
ఏ ఫర్ ఆపిల్.
కగ్గదాసపురలో ఎవరి పెరట్లోనూ ఆపిల్ చెట్టు లేదు,
అసలు పెరడే లేదు.
అయినా అంటించాను ఏటేటా,
నాలుగు మూలలా టేపు వేసి.

ఈ వేసవిలో గోడలకు రంగు వేయిస్తామంటే
పాతవన్నీ పీకాను.
టేపుతో పాటు పెచ్చు లేచి
లోపల ఎప్పటిదో నీలం కనిపించింది.
రంగు వేయించలేదు లెండి, డబ్బు రాలేదట.
చార్టులు మాత్రం చుట్టచుట్టి బీరువా మీదే ఉంచేశాను.
ఇందులో గొప్ప ఆలోచనేమీ లేదు.
భుజం నొప్పి, అంతే.

హాజరు సంగతి మాత్రం ముందే అనుకున్నాను.
ఈసారి "ప్రెజెంట్ మిస్" వద్దు.
ఉన్నట్టు కనిపిస్తూనే ఉన్నారు కదా,
ముక్కులు కారుతూ, బూట్లు తడిసి,
ఒకడైతే గేటు చువ్వ వదలకుండా ఏడుస్తూ.
పేరు పిలిస్తే దారిలో చూసిందొకటి చెప్పాలి.
ఏ భాషైనా సరే.

ఇంచర "నాయి" అంది.
పుగళేంది "నాయ్" అన్నాడు.
ఒకటే కుక్కని తేలింది, బేకరీ ముందరిది.
ఫలక్‌కి రైల్వే గేటు పడింది.
పడినందుకు వాళ్ల నాన్న తిట్టిన తిట్టు
ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.
నేను "గేటు" అని మాత్రం రాసుకున్నాను.
మదనపల్లె నుంచి మొన్ననే వచ్చిన లోహిత్
మెల్లగా "గుంత" అన్నాడు.
ఎంత గుంతరా అంటే
రెండు చేతులూ చాచి, చాలక,
పక్కవాడి చెయ్యి అరువు తీసుకున్నాడు.

దిల్‌మాయా థాపా ఏమీ అనలేదు.
సోమవారం. మంగళవారం. బుధవారం.
పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురు.
దారే నలభై అడుగులు,
దానికి చూసేదేముంటుంది పాపం, అంది ఆయా గౌరమ్మ.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

హెడ్‌మిస్ట్రెస్ కంట పడింది ఆ గడే.
"టిక్కు పెట్టాల్సిన చోట కుక్కేంటి, గుంతేంటి?
ఇన్‌స్పెక్షన్‌కి ఇది చూపించమంటావా?"
ఆవిడ తప్పు లేదు.
నలభై రూపాయలు పెట్టి ఇంకో రిజిస్టరు కొన్నాను.
అందులో టిక్కులు, ఇందులో తక్కినవి.

బుధవారం రాత్రంతా వాన.
పొద్దున దిల్‌మాయా పేరు పిలిస్తే
లేచి, టిఫిన్ డబ్బా మూత తీసింది.
రొట్టె మీద
నా పిడికిలంత నత్త.
కొమ్ములు చాచి, తీరిగ్గా,
క్లాసునంతా ఒకసారి చూసింది.

ఇక అరుపులు. కుర్చీలెక్కారు.
గౌరమ్మ చీపురుతో వచ్చింది.
వద్దన్నాను.
నాకూ ఒళ్లు జలదరించింది, అది వేరే సంగతి.
నలభై అడుగులు!
ఆ నత్తకైతే ఎన్నాళ్ల ప్రయాణమో.

దాన్ని కుండీలోకి దింపి,
రొట్టె పారేసి, నా ఇడ్లీ చెరిసగం చేసి,
ఆ చిన్న చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించి
వచ్చి కూర్చున్నానో లేదో
లోహిత్ అడిగాడు:
"మిస్, నువ్వేం జూసినావు?"

ఆరుంబావుకు ఇల్లు కదులుతాను.
పాలబూత్, మందుల షాపు, ఏటీఎం,
పట్టాలు, మళ్లీ మందుల షాపు.
నోరు తెరిచాను.
ఇరవైమూడు జతల కళ్లు.
ఏమీ రాలేదు.
"రేపు చెప్తా" అన్నాను.
"అయితే మిస్ ఈరోజు ఆబ్సెంట్" అంది ఫలక్.

ఆ సాయంత్రం కొత్త రిజిస్టరు అడుగున
ఇరవైనాలుగో వరస గీసి
హైమవతి అని రాశాను.

శుక్రవారం గేటు పడింది.
మామూలుగా అయితే గడియారం చూసుకునేదాన్ని.
గూడ్సు బండి. పెట్టెలు లెక్కపెట్టాను, యాభై ఎనిమిది.
ఆఖరున గార్డు నిలబడి
అంత కుదుపులోనూ చుక్క ఒలకకుండా
ఎర్ర ఫ్లాస్కులోంచి టీ పోసుకుంటున్నాడు.

గేటు లేచింది. వెనక హారన్లు.
యాభై ఎనిమిది, ఎర్ర ఫ్లాస్కు,
యాభై ఎనిమిది, ఎర్ర ఫ్లాస్కు,
బడిదాకా గొణుక్కుంటూ నడిచాను,
గుంతలో కాలు పడ్డా ఆపకుండా.