ముప్ఫయ్యో తారీఖు ఇంకా మిగిలే ఉంది

నానక్‌రాంగూడలో పదకొండో అంతస్తు.
రాత్రి మూడు. ఏసీ చలికి శాలువా కప్పుకుని
ఎప్పుడూ చూడని ఒక ఆటకి
పద్దులు రాస్తుంటాను.

మంచు మీద ఆడతారట.
వంపు కర్రలతో నల్ల బిళ్లని తరుముతారట.
నాకు తెలిసింది వాళ్ల జీతాలే.
జట్టు జీతాలన్నిటి మీదా ఒక కప్పు ఉంటుంది,
తలెత్తితే తగిలేంత కిందుగా.
ఒక్క డాలరు పొడుచుకొచ్చినా జరిమానా.
నా జీతం ఆ కప్పు కిందకి రాదు,
దశాంశం తర్వాత ఎక్కడో రాలిపోతుంది.

వేసవిలో ఆట ఉండదు. నా పని ఉండేది అప్పుడే.
ఒకణ్ణిచ్చి ఇద్దర్ని తెచ్చుకోవడం,
మోకాలు పోయినవాణ్ణి పక్క జాబితాలోకి నెట్టి
చోటు చేసుకోవడం,
వెళ్లిపోయినవాడి జీతంలో సగం మనమే మొయ్యడం.
ఈ చివరిది నాకు తొందరగానే అర్థమైంది.
ఎస్సార్ నగర్ గదిలో వదిలేసి వచ్చిన వాషింగ్ మెషీన్‌కి
పద్నాలుగు నెలలు కిస్తీ కట్టాను.
అందులో ఎవరి బట్టలు తిరిగాయో.

ఈ రాత్రి ఒక్కటే పేరు. ఎలియాస్ సూండ్‌బెక్.
వెనక నిలబడి కాపు కాసేవాడు. ముప్ఫై మూడేళ్లు.
ఏటా యాభై రెండు లక్షల డాలర్లు, ఇంకో రెండేళ్లు.
ఒప్పందం పంతొమ్మిదో పేజీ, అడుగున చిన్న అక్షరాలు:
నన్ను పంపొద్దు అనే పది ఊళ్ల పేర్లు
జూన్ ముప్ఫై అర్ధరాత్రి లోపు రాసివ్వాలి.
ఇవ్వకపోతే
ఎక్కడికైనా.

జాబితా రాలేదు.
రెండుసార్లు వెతికాను, స్పామ్‌లో కూడా.
ఏజెంటు మరిచాడో, ఎవరి పెళ్లిలో ఉన్నాడో.
ఇక్కడ ఒకటో తారీఖు పుట్టి మూడు గంటలైంది.
అక్కడ ముప్ఫై సాయంత్రం ఐదున్నర,
ఇంకా ఎండ ఉండి ఉంటుంది.
ఫైల్లో ఒక వరుస: కూతురు, ఏడేళ్లు,
వినపడదు, ఆ ఊళ్లోనే సైగల బడి.

'జాబితా అందలేదు' అని పైకి రాశాను.
నిమిషంలో జవాబు: మంచిది. గుర్తు చెయ్యొద్దు.

పక్క సీటు తహసీన్ తొంగి చూసింది.
'నంబరుందా నీ దగ్గర?'
లేదన్నాను.
ఉంది. ఏజెంటుది. ఇరవయ్యో పేజీలో.

ఆరింటికి క్యాబ్.
రాంనగర్ చేపల మార్కెట్ దగ్గర దిగాను.
మంచు నేను చూసింది ఇక్కడే.
కొమురెల్లి లారీ తలుపు తీసి, రంపపు పొట్టు దులిపి,
ఇనుప కొక్కెంతో ఒక దిమ్మని లాగుతాడు.
తడి నేల మీద అది చప్పుడు లేకుండా జారుతుంది,
తన బరువు తనకే తెలియనట్టు.
'ఇది యాడికి పోతది అన్నా?'
'ఎవ్వలు ముందు పైసలిస్తె ఆళ్లకు.
కావాల్నంటె జల్ది చెప్పు, కరుగుతున్నది.'

తొమ్మిదిన్నరకి అక్కడ అర్ధరాత్రి.
ఇంకా రెండున్నర గంటలుంది.
ఫోన్ చేతిలోనే ఉంది.

అరకిలో రొయ్యలు కొన్నాను.
ఇంటికెళ్లి వలిచాను. ఒక్కోదాని వీపు చీల్చి
నల్ల నరం తీశాను.
ఇంత శుభ్రంగా ఎప్పుడూ చెయ్యలేదు.
తొమ్మిదీ ఇరవై తొమ్మిదికి అన్నం కుక్కర్ కూసింది.
స్టవ్ కట్టేశాను.

రాత్రి మళ్లీ పదకొండో అంతస్తు.
సూండ్‌బెక్‌ని ఒక గడిలోంచి కోసి
ఇంకో జట్టు గడిలో అతికించాను.
కప్పు కింద యాభై రెండు లక్షల ఖాళీ.
ఇప్పుడు కాస్త గాలి ఆడుతోంది అన్నారు పైవాళ్లు.

కొత్త ఊళ్లో సైగల బడి ఉందేమో వెతికాను,
పని వేళల్లోనే.
నాలుగు వందల మైళ్ల అవతల ఒకటుంది.

చెప్పు అంచుకి నిన్నటి చేప పొలుసు.
కాలు కదిపినప్పుడల్లా
బల్ల కింద మెరుస్తోంది.