ఒకే పేరు, రెండు గదులు

నాచారంలో రంగుల ఫ్యాక్టరీ.
రాత్రి పదకొండున్నర. ఏసీ మేలుకుని ఉంది, నేనూ.
కొత్త సర్వర్ అరవైనాలుగు బిట్లది.
రంగులు కలిపే ప్రోగ్రాం మాత్రం ముప్పైరెండుది,
వామన్‌రావు సారు ఎప్పుడో రాసింది.
సోర్సు కోడు ఆయన బీరువాలో ఉండేదట,
బీరువా పాత ఇనుములో పోయిందట.
మళ్లీ వండలేం.
ఉన్నది ఉన్నట్టే తినాలి.

నాకు ముందున్న కుర్రాడు
లైబ్రరీలన్నీ ఒకే డైరెక్టరీలో కుక్కి వెళ్లాడు.
అదే పేరుతో రెండో ఫైలు వస్తే
మొదటిది చప్పుడు చేయకుండా పోతుంది.
ప్రోగ్రాం గుమ్మంలో నిలబడి పిలుస్తుంది,
లోపలి నుంచి ఆ పేరుగలవాడే పలుకుతాడు,
మొహం చూసి, నువ్వు కాదంటుంది,
అక్కడే కూలబడుతుంది.
మూడు రోజులుగా గేటు బయట లారీ.
ఇటుక ఎరుపు, రెండొందల డబ్బాలు, బాకీ.

వాచ్‌మన్ పెంటయ్య చాయ్ తెచ్చాడు.
"ఏం జేస్తున్నవ్ మేడం?"
"లైబ్రరీ సర్దుతున్నా."
"మరి బుక్కులేవి?"
ఎలా చెప్పాలో తోచక
పేర్లొకటే, మనుషులు వేరన్నాను.
"గదేనా! మా మల్లాపూర్ బస్తీల ఇద్దరు మహమూదులు.
ఒకాయన వెల్డింగు, ఒకాయన యునానీ మందులు.
ఒకలది మసీదు దిక్కు గల్లి, ఒకలది పట్టాల దిక్కు.
పేరు మార్సుకొమ్మని ఎవ్వలడగలే.
గల్లి రాస్తే చిట్టి చేరుతది."

చాయ్ మీద మీగడ కట్టేలోగా
రెండు గల్లీలు వేశాను.
ముప్పైరెండు వాళ్లు ఇటు, అరవైనాలుగు వాళ్లు అటు.
గేటు దగ్గర వేలిముద్రలు తీసుకునే
చిన్న ఆర్మ్ బోర్డు సామాను కూడా ఇక్కడే తయారవుతుంది,
దానికో మూడో సందు.
పాత లింకులు ఒక్కొక్కటే విప్పి
సరైన గుమ్మానికి కట్టాను.
లోడరు చేతిలోని చిరునామాల పట్టీ
కొత్తగా రాయించాను.

రెండూ పదికి
నల్లటి తెర మీద ఒక వరుస వెలిగింది.
ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు:
దయచేసి రంగు నెంబరు చెప్పండి.
'దయచేసి'లో ఒక అక్షరం తప్పు.
వామన్‌రావు సారు అక్కడ తొందరపడ్డట్టున్నారు.
నెంబరు కొట్టాను.
షెడ్డులో మోటారు దగ్గి, తిరిగింది.

ఒక్క లింకు మిగిలింది.
ఎవరు వేశారో, ఎటు పోతుందో తెలియదు.
తీసేద్దామని వేలు కీ దాకా వెళ్లింది.
బయట లారీ క్లీనర్ లేచి
మొహం కడుక్కుంటున్న చప్పుడు.
దాన్ని అలాగే వదిలేశాను.